హిప్పీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో "హిప్పీ" అనేది ఒక తిట్టు. జుట్టు కాస్త చెవుల మీదకి దిగితే చాలు, మా పెదనాన్న "ఏరా, హిప్పీల్లో కలుస్తావా?" అనేవారు. ఆ ఆదివారమే మంగలి షాపులో కూర్చోబెట్టేవారు. ఉద్యోగం పేరుతో అమెరికా వచ్చి, ఆ మాట పుట్టిన శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గర్లోనే స్థిరపడ్డాను. ఇక్కడి పాత పేపర్లు, ఫోటోలు చూశాక, ఆ రోజుల్లో అక్కడ తిరిగిన ముసలివాళ్ళతో మాట్లాడాక నాకు అర్థమైంది, జుట్టూ గంజాయీ తప్ప మనకి వాళ్ళ గురించి తెలిసింది చాలా తక్కువని. వాళ్ళు రొట్టెలు కాల్చి ఊరికే పంచారనీ, ఆసుపత్రి నడిపారనీ, మంత్రసానితనం నేర్చుకున్నారనీ మనకెవరూ చెప్పలేదు. స్నేహితులూ బంధువులూ నన్ను అడిగే ప్రశ్నలకి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

అసలు హిప్పీలు అంటే ఎవరు?

1960ల మధ్యలో అమెరికాలో, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కోలో, చదువు, ఉద్యోగం, ఇల్లు, కారు అనే దారి మాకొద్దని పక్కకి తప్పుకున్న యువతీయువకులు. ఎక్కువమంది తెల్లజాతి మధ్యతరగతి పిల్లలు. వాళ్ళకి ఒక సంఘం గానీ నాయకుడు గానీ లేరు. కలిసి బతకడం, ఉన్నది పంచుకోవడం, యుద్ధానికి పోననడం, మనసు లోపల ఏముందో వెతుక్కోవడం, వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా జనం ఆ పేరుతోనే పిలిచారు. వాళ్ళలో చాలామందికి ఆ పేరు నచ్చేది కాదు. తమని తాము "ఫ్రీక్స్" అని చెప్పుకునేవారు.

ఆ పేరు ఎవరు పెట్టారు?

పత్రికలవాళ్ళు. నల్లజాతి జాజ్ కళాకారుల వాడుకలో "హిప్" అంటే లోకం పోకడ తెలిసినవాడు. దాన్నుంచి "హిప్‌స్టర్" వచ్చింది. 1965 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రికలో మైఖేల్ ఫాలన్ అనే విలేఖరి, బ్లూ యూనికార్న్ అనే కాఫీ హోటల్ గురించి రాస్తూ అక్కడ చేరే కుర్రకారుని "హిప్పీలు" అన్నాడు. తర్వాత హెర్బ్ కేన్ అనే కాలమిస్టు తన శీర్షికలో పదేపదే వాడి ఆ మాటని ఊరంతా తిప్పాడు.

బీట్ కవులకీ వీళ్ళకీ సంబంధం ఏమిటి?

బీట్ కవులంటే 1950లలో అమెరికాలో కట్టుబాట్లని కాదని రాసిన కవులు. వీళ్ళకి అన్నల్లాంటివాళ్ళు. 1955 అక్టోబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో సిక్స్ గ్యాలరీ అనే చిన్న చోట అలెన్ గిన్స్‌బర్గ్ తన "హౌల్" కవితని మొదటిసారి చదివాడు. అది అశ్లీలమని కేసు పెడితే, 1957లో జడ్జి కొట్టేశాడు. చదువుకున్న పిల్లల్లో ఆ కవిత్వం చేతులు మారుతూ తిరిగింది. అయితే బీట్లది చిన్న గుంపు. జాజ్, నల్ల బట్టలు, అర్ధరాత్రి కబుర్లు, లోపల ఒక దిగులు. హిప్పీల దగ్గరికి వచ్చేసరికి రంగులు, రాక్ సంగీతం, పార్కులో వేలమంది. గిన్స్‌బర్గ్ ఒక్కడు రెండు తరాల్లోనూ కనిపిస్తాడు. అతను 1962-63లో ఇండియా వచ్చి కాశీలోనూ కలకత్తాలోనూ నెలల తరబడి ఉన్నాడు. హంగ్రీ తరం అనే తిరుగుబాటు బెంగాలీ కవులతో తిరిగాడు. వెనక్కి వెళ్ళాక కవిసభల్లో హరేకృష్ణ మంత్రం పాడటం మొదలుపెట్టాడు.

అది అప్పుడే, అక్కడే ఎందుకు పుట్టింది?

నాలుగైదు విషయాలు ఒకేసారి వచ్చి కలిశాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946 నుంచి 1964 దాకా అమెరికాలో సుమారు 7 కోట్ల 60 లక్షలమంది పుట్టారు. అందులో మొదటి విడత పిల్లలకి 1964 నాటికి పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. వాళ్ళ అమ్మానాన్నలు 1930ల మాంద్యంలో కష్టాలు పడి, యుద్ధం చూసి, ఆ తర్వాత ఇల్లూ ఫ్రిజ్జూ అమర్చుకున్నారు. పిల్లలకి అవి కళ్ళు తెరిచేసరికే ఉన్నాయి. వీటి కోసమే జీవితమంతా పనిచెయ్యాలా అన్న అనుమానం అందుకే వాళ్ళకి వచ్చింది.

అణుబాంబు పడితే బల్ల కింద ఎలా దూరాలో బళ్ళో డ్రిల్లు చేయించిన తరం కూడా అదే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి విద్యార్థుల హక్కుల పోరాటం చూసి, కొందరైతే అక్కడికి వెళ్ళి పాల్గొని, 1964లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర్లోని బర్కిలీ విద్యార్థులు వాక్ స్వాతంత్ర్యం కోసం యూనివర్సిటీనే స్తంభింపజేశారు. గర్భనిరోధక మాత్రకి 1960లో అనుమతి వచ్చింది. 1965 నుంచి వియత్నాంకి పెద్ద ఎత్తున సైన్యం వెళ్ళింది. పద్దెనిమిది నిండిన ప్రతి మగపిల్లవాడూ డ్రాఫ్టులో, అంటే సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే జాబితాలో, పేరు రాయించుకోవాలి. ఇంటికి ఎప్పుడు కాగితం వస్తుందో అన్న టెన్షన్ ఆ వయసు కుర్రాళ్ళందరికీ ఉండేది.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కోనే ఎందుకంటే, అందరూ తత్వాలు చెబుతారు గానీ నేను మొదట చెప్పేది అద్దె. గోల్డెన్ గేట్ పార్కు పక్కన హేట్, యాష్‌బరీ వీధులు కలిసే పేటలో పాతకాలపు పెద్ద పెద్ద చెక్క ఇళ్ళు ఉన్నాయి. డబ్బున్నవాళ్ళు శివార్లకి వెళ్ళిపోయారు. పైగా ఆ పక్క నుంచే ఫ్రీవే వేస్తామని ప్లాన్ ఉండటంతో ఇళ్ళని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఫ్రీవేని జనం పోరాడి ఆపించారు. ఈలోగా ఏడెనిమిది గదుల ఇల్లు విద్యార్థులు పదిమంది కలిసి తీసుకునేంత చౌకగా దొరికింది. ఒకే కప్పు కింద పదిమంది ఉంటే ఒకరికి పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉన్నా గడిచిపోతుంది. మిగతావాళ్ళకి గిటార్ వాయించడానికీ, పోస్టర్లు గీయడానికీ, మాట్లాడుకోవడానికీ సమయం దొరికింది.

హేట్-యాష్‌బరీలో రోజువారీ బతుకు ఎలా ఉండేది?

ఈ ప్రశ్న అడిగితే నాకు డిగ్గర్స్ గురించి చెప్పాలనిపిస్తుంది. వీధి నాటకాలు వేసే మైమ్ ట్రూప్ అనే బృందం నుంచి విడిపోయిన కొందరు 1966లో ఆ పేరుతో కలిశారు. 1649లో ఇంగ్లండ్‌లో, భూమి అందరిదీ అంటూ బంజరు నేలని దున్ని సాగుచేసిన రైతుల గుంపు పేరు అది. డబ్బు అనేదే లేకుండా ఒక పేట నడవగలదా అన్నది వీళ్ళ ప్రశ్న. దాని గురించి వ్యాసం రాయకుండా, కూర వండి చూపించారు.

పేట పక్కనే ప్యాన్‌హ్యాండిల్ అనే సన్నటి పొడుగాటి పార్కు ఉంది, నీలగిరి చెట్లతో. రోజూ సాయంత్రం నాలుగింటికి అక్కడికి పెద్ద పాల క్యాన్లలో వేడి కూర వచ్చేది. మార్కెట్లో అమ్ముడుపోకుండా మిగిలిన కూరగాయలు, దుకాణాలవాళ్ళు ఇచ్చిన మాంసం తెచ్చి వండేవాళ్ళు. ఎవరి గిన్నె, చెంచా వాళ్ళు తెచ్చుకోవాలి. అక్కడ ఒక పెద్ద ఖాళీ చెక్క చట్రం నిలబెట్టేవారు, గోడకి తగిలించే ఫోటో ఫ్రేమును మనిషి ఎత్తుకంటే పెద్దదిగా చేసినట్టు. తినడానికి వచ్చినవాళ్ళు దాని గుండా నడిచి రావాలి. చూసే చట్రం మారితే లోకం వేరేగా కనిపిస్తుందన్నది వాళ్ళ ఉద్దేశం. ఇది దానం అన్న మాట ఎక్కడా రాకూడదు. మీదే కాబట్టి ఉచితం అనేవాళ్ళు.

ఉచిత దుకాణాలు కూడా పెట్టారు. లోపలికి వెళ్ళి కావలసిన చొక్కా తీసుకుని రావచ్చు, వద్దనుకున్నది అక్కడ పెట్టి రావచ్చు. ఇక్కడ మేనేజర్ ఎవరు అని అడిగితే, మీరే అని జవాబు.

1967లో వాలర్ వీధిలోని ఆల్ సెయింట్స్ చర్చి వంటింట్లో రొట్టెలు కాల్చడం మొదలైంది. ముడిగోధుమ పిండి. మూసలు కొనే పని లేకుండా ఖాళీ కాఫీ డబ్బాల్లోనే కాల్చేవారు. పోయిన చలికాలం నేనూ ఒక పాత కాఫీ డబ్బాలో చేసి చూశాను. లోపల నూనె రాసి, సగానికి కొంచెం పైదాకా పిండిముద్ద పెట్టి, గంటసేపు పొంగనిచ్చి కాల్చాను. అంచు దాటి పైకి లేచి పుట్టగొడుగులా గొడుగు పట్టింది. చల్లారాక తిరగేసి తడితే గుండ్రంగా జారి చేతిలోకి వచ్చింది. అమెరికాలో అందరూ దూదిలాంటి తెల్ల బ్రెడ్ తినే రోజుల్లో, ఆ ముతక రొట్టె తిని పెరిగిన పేట అది.

మాదకద్రవ్యాల సంగతేమిటి? ఎల్‌ఎస్‌డీ ఎక్కడి నుంచి వచ్చింది?

ల్యాబ్ నుంచి. లేనివి కళ్ళముందు కనిపించేలా చేసే మత్తుమందు అది. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో దాన్ని తయారుచేశాడు. 1943 ఏప్రిల్‌లో దాని ప్రభావం తనమీదే తెలిసింది. పిచ్చిని అర్థం చేసుకోవడానికి పనికొస్తుందేమోనని డాక్టర్లు పరీక్షలు చేశారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బిచ్చి మనుషుల మీద ప్రయోగాలు చేయించింది. కెన్ కేసీ అనే రచయితకి అది మొదట దొరికింది మెన్లోపార్క్‌లోని సైనికుల ఆసుపత్రిలో, జీతానికి చేరిన ప్రయోగంలోనే. 1964లో అతను మిత్రులతో కలిసి ఒక పాత స్కూలు బస్సుకి రంగులు పులిమి దేశమంతా తిరిగాడు. 1965-66లో "యాసిడ్ టెస్ట్" అనే రాత్రి విందులు పెట్టాడు, యాసిడ్ అంటే ఎల్‌ఎస్‌డీయే. హార్వర్డ్‌లో ఇలాంటి మందులతో ప్రయోగాలు చేసిన తిమోతీ లియరీ, రిచర్డ్ ఆల్పర్ట్ అనే ప్రొఫెసర్ల ఉద్యోగాలు 1963లో పోయాయి. కాలిఫోర్నియా 1966 అక్టోబర్ 6న ఎల్‌ఎస్‌డీని నిషేధించింది.

దాన్ని వాడినవాళ్ళలో కొందరు జీవితం మారిందన్నారు. కొందరు తిరిగి మామూలు మనుషులు కాలేదు. ఈ రెండోమాట చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పేవాళ్ళని నేను నమ్మను. 1967 చివరికి అదే వీధుల్లోకి మెథడ్రిన్ అనే ఉత్ప్రేరకం, హెరాయిన్ దిగాయి. వాటి వెనకే దోపిడీలు, హత్యలు కూడా వచ్చాయి.

1967 వేసవిలో ఏం జరిగింది? "సమ్మర్ ఆఫ్ లవ్" అంటే?

జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కు పోలో మైదానంలో "హ్యూమన్ బీ-ఇన్" అనే సభ జరిగింది. ఇరవై వేలమందికి పైగా వచ్చారు. ముహూర్తం పెట్టింది కూడా ఒక జ్యోతిష్కుడే, గవిన్ ఆర్థర్ అని, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడి మనవడు. సభ అయ్యాక చెత్త ఏరి మరీ వెళ్ళారు. టీవీలూ పత్రికలూ ఆ ఫోటోలు వేశాక, సెలవులు వస్తే చాలు దేశంలోని కుర్రకారంతా శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరతారని అందరికీ తెలిసిపోయింది. "సమ్మర్ ఆఫ్ లవ్" అని పేరుపడ్డ ఆ వేసవిలో వచ్చినవాళ్ళు లక్షమంది దాకా అంటారు. పదిహేను, పదహారేళ్ళకే ఇంట్లో చెప్పకుండా వచ్చేసిన పిల్లలు ఎంతోమంది. నోటీసు బోర్డుల నిండా అమ్మానాన్నలు అంటించిన కాగితాలే: ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యి, ఏమీ అనం.

పేటకి అంతమందిని మోసే శక్తి లేదు. వాళ్ళకి నిద్రపోయే చోటు, తిండి, మందులు కావాలి. ఊరి ఆరోగ్య శాఖ నుంచి అందాల్సిన సాయం అందలేదు. జూన్ 7న డేవిడ్ స్మిత్ అనే యువ డాక్టరు క్లేటన్ వీధిలో ఒక మేడమీద ఉచిత క్లినిక్ తెరిచాడు. వైద్యం హక్కు, అదేమీ కొందరికి దొరికే భాగ్యం కాదు అన్నది వాళ్ళ నినాదం. కామెర్లు, సుఖవ్యాధులు, చెప్పుల్లేక పగిలిన పాదాలు, మత్తు వికటించి వణికిపోతున్న పిల్లలు. ఎవరినీ తిట్టకుండా, పోలీసులకి చెప్పకుండా చూశారు. తర్వాత దేశమంతా వందల సంఖ్యలో ఉచిత క్లినిక్‌లు పుట్టాయి. హిప్పీలు మిగిల్చిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే.

అక్టోబర్ 6న ఆ పేటవాళ్ళే "హిప్పీ చావు" అని ఒక శవపేటికని ఊరేగించారు. ఇక ఇక్కడికి రావద్దు, మీరున్న ఊళ్ళోనే చెయ్యదలచుకున్నది చెయ్యండి అని చెప్పడానికి.

వియత్నాం యుద్ధాన్ని హిప్పీలే ఆపారా?

లేదు. యుద్ధ వ్యతిరేక పోరాటం బరువు మోసింది విద్యార్థి సంఘాలు, హక్కుల ఉద్యమకారులు, చర్చిలవాళ్ళు, చివరికి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు. హిప్పీల్లో చాలామంది రాజకీయమంటేనే ముఖం తిప్పుకునేవారు. బర్కిలీ విద్యార్థి నాయకులకి దీనిమీద కోపం కూడా ఉండేది. కానీ 1967 అక్టోబర్ 21న అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్ ముందు ఇద్దరూ కలిశారు. తుపాకులు పట్టుకుని వరసగా నిలబడ్డ సైనికుల దగ్గరికి ఒక కుర్రాడు వెళ్ళి, తుపాకీ గొట్టాల్లో ఒక్కొక్కటిగా పువ్వులు గుచ్చాడు. ఆ ఫోటో లోకమంతా తిరిగింది. ఆ సైనికులకీ అతనికీ ఇంచుమించు ఒకటే వయసు.

డ్రాఫ్టు 1973లో ఆగింది. ఆ యుద్ధంలో 58 వేలకి పైగా అమెరికన్ సైనికులు, లక్షల్లో వియత్నాం ప్రజలు చనిపోయారు.

సున్నాలో కాకికాలు లాంటి గీతలున్న ఆ శాంతి గుర్తు హిప్పీలదేనా?

బ్రిటన్‌ది. 1958లో అణ్వాయుధ వ్యతిరేక ఊరేగింపు కోసం జెరాల్డ్ హోల్టమ్ గీశాడు. జెండాలతో అక్షరాలు చూపించే పద్ధతిలో "ఎన్", "డి" (న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణు నిరాయుధీకరణ) అనే రెండు అక్షరాలని కలిపితే ఆ గీతలు వస్తాయి.

వుడ్‌స్టాక్ అంత గొప్పదా?

గొప్పదే, అయితే పాటల కోసం మాత్రమే అనుకోవద్దు. 1969 ఆగస్టు 15 నుంచి 18 దాకా, న్యూయార్క్ రాష్ట్రంలో బెతెల్ అనే పల్లెలో, మ్యాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో జరిగిన సంగీతోత్సవం అది. మూడు రోజుల టికెట్ 18 డాలర్లు. కంచె కట్టడం పూర్తికాకముందే జనం వచ్చేయడంతో చివరికి ఉచితం అని ప్రకటించారు. నాలుగు లక్షలమందికి పైగా వచ్చారు. వాన, బురద, ట్రాఫిక్ జామ్. తిండి అయిపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు శాండ్‌విచ్‌లు చేసి పంపారు. హాగ్ ఫామ్ అనే కమ్యూన్‌వాళ్ళు, అంటే ఉమ్మడిగా కలిసి బతికే గుంపువాళ్ళు, పెద్ద గుండిగల్లో వండి పెట్టారు. మొదట మాట్లాడినవారు మన తమిళనాడుకి చెందిన స్వామి సచ్చిదానంద. స్లీపింగ్ బ్యాగులో పడుకున్న ఒక కుర్రాడి మీదుగా ట్రాక్టర్ వెళ్ళి చనిపోయాడు. అది కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి.

అదే ఏడు డిసెంబర్ 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కచేరీలో, వేదిక ముందే ఒక నల్లజాతి యువకుణ్ణి, కాపలాకి పెట్టిన బైకు ముఠాలోని మనిషి పొడిచి చంపాడు. రెండిటికీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు.

ఆడవాళ్ళకి నిజంగా స్వేచ్ఛ దొరికిందా?

కొంత. పెళ్ళి తప్ప వేరే దారి లేదన్న ఇళ్ళ నుంచి బయటికి వచ్చారు. కానీ పైన చెప్పిన ఆ కూర ఎవరు వండారు? తెల్లవారకముందే మార్కెట్‌కి వెళ్ళి కూరగాయలు అడిగి తెచ్చింది, తరిగింది, గిన్నెలు తోమింది ఎక్కువగా అమ్మాయిలే. పేరు మాత్రం మగవాళ్ళకి వచ్చింది. "స్వేచ్ఛా ప్రేమ" పేరుతో కాదనే హక్కు లేకుండా చేసిన సందర్భాలు, ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లల మీద జరిగిన ఘోరాలు ఆ రోజుల పత్రికల్లోనే ఉన్నాయి. పెళ్ళికానివాళ్ళకి గర్భనిరోధక సాధనాలు ఇవ్వచ్చని సుప్రీంకోర్టు దేశమంతటికీ తేల్చిచెప్పింది 1972లో. అంతదాకా ఆ స్వేచ్ఛ మూల్యం కొన్నిచోట్ల అమ్మాయిలే చెల్లించారు. 1970లలో స్త్రీల ఉద్యమంలోకి వచ్చినవాళ్ళలో చాలామందికి కోపం నేర్పింది ఇలాంటి కమ్యూన్ వంటిళ్ళే.

నల్లజాతివాళ్ళు ఎందుకు తక్కువ?

హేట్ పక్కనే ఫిల్‌మోర్ అనే నల్లజాతి పేట ఉంది. అప్పుడే పట్టణాభివృద్ధి పేరుతో వాళ్ళ ఇళ్ళు కూలగొడుతున్నారు. లేమిని తప్పించుకోవడానికి తరాలుగా పోరాడుతున్నవాళ్ళకి, కావాలని లేమిలోకి దిగడం అర్థమయ్యే పని కాదు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న డబ్బు పంపుతాడన్న ధీమా హిప్పీ పిల్లల్లో చాలామందికి ఉంది, వీళ్ళకి లేదు. 1966లోనే అఖాతానికి ఆవలి ఒడ్డున ఓక్లండ్‌లో నల్లజాతివాళ్ళ బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. వాళ్ళు కూడా 1969 నుంచి బడిపిల్లలకి పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టారు.

వాళ్ళు ఇండియాకి ఎందుకు వచ్చారు?

ముగ్గురు నలుగురు మనుషుల వల్ల అని చెప్పవచ్చు. 69 ఏళ్ళ వయసులో ఏ.సి. భక్తివేదాంత స్వామి 1965లో సరుకుల ఓడలో అమెరికాలో దిగి, 1966లో న్యూయార్క్‌లో ఇస్కాన్ స్థాపించారు. 1967 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాక్ బ్యాండ్లతో పాటు అదే వేదిక మీద ఆయన కీర్తన చేయించారు. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. హార్వర్డ్ నుంచి వెళ్ళగొట్టిన ఆల్పర్ట్, నీమ్ కరోలీ బాబా శిష్యుడై రామ్‌దాస్‌గా తిరిగి వెళ్ళాడు.

దారి మాత్రం భూమార్గం. ఇస్తాంబుల్‌లో పుడ్డింగ్ షాప్ అనే హోటల్ దగ్గర తోడు వెతుక్కుని, టెహ్రాన్, హెరాత్, కాబూల్, పెషావర్, లాహోర్ మీదుగా ఢిల్లీ. అక్కడి నుంచి కాశీ, కాఠ్మండు, లేదా గోవా. నేపాల్ 1973లో గంజాయి దుకాణాల లైసెన్సులు రద్దు చేసింది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ దారి మూసుకుపోయింది. గోవా అంజునాలో బుధవారం సంత మాత్రం వాళ్ళు మొదలుపెట్టిందే.

మన పేదరికాన్ని వాళ్ళు వైరాగ్యం అనుకున్నారన్న విమర్శ ఉంది. అది నిజమే. కుష్ఠురోగులకి సేవ చేస్తూ, భాషలు నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

రవిశంకర్ వాళ్ళని మెచ్చుకున్నారా?

ప్రేమించారు, బాధపడ్డారు కూడా. 1967 జూన్‌లో మాంటరే సంగీతోత్సవంలో అల్లారఖా తబలాతో ఆదివారం మధ్యాహ్నమంతా సితార్ వాయిస్తే, చివర్లో జనం లేచి నిలబడి ఎంతసేపు చప్పట్లు కొట్టారో. అదే ఉత్సవంలో ఒక బ్యాండు వాద్యాలు పగలగొట్టింది, జిమి హెండ్రిక్స్ గిటార్‌కి నిప్పంటించాడు. రవిశంకర్ తట్టుకోలేకపోయారు. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం, వీణకి పూజ చేస్తాం. ఆయన మనసు ఎంత గాయపడిందో మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. వుడ్‌స్టాక్‌లో వానలో వాయించారు. బురదలో దొర్లే ఆ జనాన్ని చూస్తే మన ఊరి గేదెలు గుర్తొచ్చాయని తర్వాత రాసుకున్నారు. సంగీతం మత్తుకి తోడుగా మారడం ఆయనకి ఎన్నడూ నచ్చలేదు.

తెలుగువాళ్ళకి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉండేవారు. 1960లలో అక్కడ చెట్ల కింద ఆయన మాట్లాడుతుంటే, జుట్టు పెంచుకున్న పిల్లలు వచ్చి గడ్డి మీద కూర్చునేవారు. గురువు వద్దు, మందులూ వద్దు అని ఆయన వాళ్ళకి నిక్కచ్చిగా చెప్పారు. 1970లలో పుట్టపర్తికి కూడా ఆ తరం విదేశీయులు చాలామందే వచ్చారు.

దిగంబర కవులు మన హిప్పీలేనా అని అడుగుతుంటారు. నేను ఒప్పుకోను. 1965లో హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటి ఆవిష్కరింపజేసిన ఆ ఆరుగురికీ సమాజం మీద మండింది. వాళ్ళు పక్కకి తప్పుకోలేదు. నలుగురు 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం)లో చేరారు. కాలం ఒకటే, తిరస్కారం ఒకటే, నడిచిన దారులు వేరు.

ఇంకొకటి నాకు ఎప్పుడూ మనసులో మెదులుతుంది. 1965 అక్టోబర్‌లో అమెరికా వలస చట్టం మారింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ రావడం మొదలైంది ఆ తర్వాతే. ఇక్కడి పిల్లలు ఇల్లూ కారూ వదిలి మన వైపు బయల్దేరిన ఏళ్ళలోనే, మనవాళ్ళు వాటికోసం ఇటు బయల్దేరారు.

కమ్యూన్లు ఏమయ్యాయి?

ఎక్కువ శాతం రెండు మూడేళ్ళలో మూతపడ్డాయి. డబ్బు, చలి, గిన్నెలు ఎవరు తోమాలన్న తగువు. నిలబడ్డవాటిలో టెనెసీ రాష్ట్రంలోని "ద ఫామ్" గురించి చెప్పాలి. స్టీఫెన్ గాస్కిన్ వెంట బస్సుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరినవాళ్ళు 1971లో అక్కడ భూమి కొన్నారు. సోయాబీన్‌తో పాలు తీసి తాగారు. ఆయన భార్య ఐనా మే, ప్రయాణంలో బస్సుల్లోనే కాన్పులు అవుతుంటే చూస్తూ మంత్రసానితనం నేర్చుకుంది. కాన్పులో శిశువు భుజం ఇరుక్కుంటే తల్లిని చేతులు, మోకాళ్ళ మీదకి తిప్పే పద్ధతి ఉంది. గ్వాటెమాలా మంత్రసానుల నుంచి అందిన ఆ విద్యని ఆమె అమెరికాకి తెచ్చింది. ఇప్పుడు ప్రసూతి వైద్య పుస్తకాల్లో అది ఆమె పేరుతోనే ఉంది. 1983లో అప్పులు పెరిగి, అందరి డబ్బూ ఒకటే అన్న పద్ధతి మానేశారు. ఊరు ఇప్పటికీ ఉంది.

కంప్యూటర్లకీ హిప్పీలకీ సంబంధం ఉందంటారు, నిజమా?

సగం నిజం. ఇంటర్నెట్ తొలి నెట్‌వర్క్‌కి డబ్బు పెట్టింది రక్షణ శాఖ. కానీ కంప్యూటర్ ఒక్కో మనిషి చేతిలో ఉండాలి అన్న కోరికకి ఈ గాలి తగిలింది. స్టూవర్ట్ బ్రాండ్ 1966లో, మొత్తం భూగోళం ఫోటో మనకెందుకు చూపించలేదు అని బ్యాడ్జీలు అచ్చువేసి అమ్మాడు. 1968లో "హోల్ ఎర్త్ క్యాటలాగ్" తెచ్చాడు. బావి తవ్వడం నుంచి కాలిక్యులేటర్ దాకా, సొంతంగా బతకడానికి పనికొచ్చే వస్తువుల జాబితా అది. 2005లో స్టాన్‌ఫర్డ్ ప్రసంగం చివర యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ చెప్పిన "స్టే హంగ్రీ, స్టే ఫూలిష్" (ఆకలితోనే ఉండండి, అమాయకంగానే ఉండండి) అన్న మాట ఆ క్యాటలాగ్ చివరి సంచిక వెనక అట్ట మీదిదే. జాబ్స్ కూడా 1974లో నీమ్ కరోలీ బాబా కోసం ఇండియా వచ్చాడు. అప్పటికే బాబా పోయారు.

ఇప్పుడు హేట్ వీధికి వెళ్తే ఏం కనిపిస్తుంది?

రంగుల చొక్కాల దుకాణాలు, టూరిస్టులు, ఫుట్‌పాత్ మీద కుక్కతో కూర్చున్న ఇల్లులేని కుర్రాళ్ళు. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు ఉన్న 710 యాష్‌బరీ ఇంట్లో ఇప్పుడు ఎవరో కాపురం ఉంటున్నారు. ఫోటో తీసుకోండి గానీ మెట్లెక్కి కూర్చోకండి. శని, ఆదివారాల్లో పార్కులోని హిప్పీ హిల్ దగ్గర డ్రమ్ములు వాయిస్తూ డెబ్బై దాటినవాళ్ళు కనిపిస్తారు. అడిగితే చెబుతారు, నాకు చెప్పారు. ఆ చెక్క ఇళ్ళకి కొత్త రంగులు వేశారు. అప్పట్లో పదిమంది విద్యార్థులు పంచుకున్న ఇంట్లో ఇప్పుడు ఒక గది అద్దె కట్టడం కూడా విద్యార్థికి కష్టం. ప్యాన్‌హ్యాండిల్‌లో ఆ నీలగిరి చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఎండ వాటి కిందుగా వాలి గడ్డి మీద పడుతుంది. కూర పంచింది అక్కడే.